పిలవకుండా వచ్చిన మంత్రసాని

నా కాళ్ళు పాడైపోయాయి. రేవెన్స్‌బాటమ్ రాళ్ళ వీధుల్లో పాతికేళ్ళు గుమ్మం గుమ్మం ఎక్కి దిగితే ఎవరి కాళ్ళయినా పాడవుతాయి. పోయిన నెల కౌన్సిల్ వాళ్ళు నాకు టీ, హ్యామ్ పెట్టి, చేతిలో ఒక గడియారం పెట్టి, ఇక ఇంట్లో కూర్చోమన్నారు. ఇప్పటి అధ్యక్షుడు లేచి, "మిస్ హెస్టర్ క్లెగ్ మన ఊరి హెల్త్ విజిటర్‌గా వచ్చాక పసిపిల్లల చావులు సగానికి సగం తగ్గాయి" అని ఉపన్యాసం దంచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కెజియా ఆర్మరాడ్ పేరు మాత్రం ఆ హాల్లో ఒక్కరి నోటా రాలేదు. ఎలా వస్తుంది? మంత్రసానుల రిజిస్టరులోంచి ఆ పేరు కొట్టేసి ఇరవై మూడేళ్ళయింది. ఆ విచారణ జరిగిన గదిలో కూర్చుని మినిట్స్ రాసింది నేనే.

ఇక దాచుకుని ఏం చేస్తాను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఆ కాళ్ళు ఎలాగూ పనికిరావు.

కెజియా మా బాబిన్ వీధి మంత్రసాని. పొట్టి మనిషి, గట్టి నోరు. మొగుడు మిల్లులో బాయిలరు పేలి పోయాడు. ఎనిమిది మందిని కని అయిదుగురిని మట్టిలో పెట్టింది. దాని గురించి ఎవరైనా జాలిపడబోతే, "నీ పొయ్యి మీద ఓట్స్ జావ మాడుతోంది, పోయి చూసుకో" అనేది. నొప్పులు పడుతున్న ఆడదాని పక్కన కూర్చుని, "అరవకే తల్లీ, తొమ్మిది నెలల కిందట లేని ఏడుపు ఇప్పుడెందుకు?" అంటే, ఆ నొప్పుల్లోనే వాళ్ళు నవ్వేవాళ్ళు. మా వీధిలో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరూ మొదట ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. నేనూ అంతే.

"క్యాబేజీ అంత తల నీది. మీ అమ్మ రెండు రోజులు నన్ను తిట్టింది, నిన్ను కాదు" అని నలుగురిలో అనేది నాతో. నేను మాంచెస్టర్ ఆసుపత్రిలో మూడేళ్ళు నేర్చుకుని, నీలం కోటు వేసుకుని, తోలు సంచీ పట్టుకుని ఊళ్ళోకి తిరిగొచ్చిన రోజున కూడా అదే మాట. ఆ పక్కనే కౌన్సిల్ గుమాస్తా ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కౌన్సిల్ వాళ్ళు నన్ను హెల్త్ విజిటర్‌గా పెట్టుకున్నారు. పుట్టిన ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్ళాలి, పాలు మరిగించమని చెప్పాలి, రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు పారేయించాలి, కిటికీలు తెరిపించాలి. ఇంకొకరిని పెట్టుకోవడం ఇష్టంలేక మంత్రసానుల తనిఖీ కూడా నా నెత్తినే రుద్దారు. ఊళ్ళో నేను కనబడితే చాలు, "కౌన్సిల్ ముక్కు వస్తోందర్రోయ్!" అని ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి కేక వెళ్ళేది. కొందరు నా మొహం మీదే తలుపేసేవాళ్ళు. పెళ్ళి కాని దానివి, నీకేం తెలుసు పిల్లల సంగతి అనేవాళ్ళు. నిజమే, నాకేం తెలుసు? అయినా ఆ గొట్టం లోపల ఏం పెరుగుతుందో తెలుసు.

తలుపులు తెరిపించింది కెజియా. "హెస్టర్ చెప్పింది విను. దాని తల పెద్దది, ఊరికే పెద్దది కాదు. ఆ సీసా ఇలా తే" అని లాక్కుని, పెరట్లో గోడకేసి కొట్టేది. ఒక్క వేసవిలో ఆవిడ పగలగొట్టినన్ని సీసాలు నేను పదేళ్ళు ఉపన్యాసాలిచ్చినా పగలగొట్టించలేకపోయేదాన్ని. ఆవిడకు చదువు రాదు. కొత్త చట్టం వచ్చినప్పుడు, చదువు లేకపోయినా అప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్ళను రిజిస్టరులో చేర్చుకున్నారు. అలా చేరింది. థర్మామీటరు మీద అంకెలు చదవలేదు కాబట్టి, జ్వరం గీత దగ్గర నేనే ఎర్ర లక్క చుక్క పెట్టిచ్చాను. చుక్క దాటితే డాక్టరుకు కబురు పెట్టేది. ఒక్కసారి కూడా తప్పలేదు. కేసుల పుస్తకం ఆవిడ చెబుతుంటే నేను రాసేదాన్ని. తనిఖీ చేసేదీ నేనే, రాసేదీ నేనే. ఎవరికీ చెప్పలేదు లెండి.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ పడలేదు.

మా వీధుల్లో పురుడు పోసిన ఆవిడే శవానికి స్నానం కూడా చేయిస్తుంది. తెచ్చిన చేతులే సాగనంపాలంటారు. కళ్ళు మూసి రెప్పల మీద పెన్నీ నాణేలు పెట్టడం, గడ్డానికి గుడ్డ కట్టడం, తెల్ల మేజోళ్ళు తొడగడం, గుండె మీద పళ్ళెంలో ఉప్పు పెట్టడం, అన్నీ ఆవిడే. పరాయి మనిషి చేత చేయించుకోవడమంటే దిక్కులేని చావు కింద లెక్క. చట్టం దాన్ని కూడదంది. మంత్రసాని శవాలను ముట్టుకోకూడదు. ఎందుకు కూడదో నాకు తెలుసు. ఆ చేతులతో బాలింతను ముట్టుకుంటే జ్వరం వస్తుంది. మాంచెస్టర్‌లో ఆ జ్వరంతో పదకొండు మంది పోవడం కళ్ళారా చూశాను. కాబట్టి రూలు పిచ్చిది అని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పటికీ అనను.

మూడుసార్లు పట్టుబడితే రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు. పేరు పోతే పురుళ్ళు పోయడానికి వీల్లేదు, పోస్తే కేసు. కెజియాకు ఆ పని తప్ప ఇంకోటి తెలియదు.

కొత్త రాజుకు పట్టాభిషేకం జరిగిన ఏడాది అది. ఆ ఎండలు మళ్ళీ చూడలేదు. జూన్‌లో ముసలి జేబెజ్ పోతే కెజియా వెళ్ళి స్నానం చేయించింది. నేను మొదటి హెచ్చరిక రాశాను. ఆగస్టులో పద్నాలుగో నంబరు ఇంట్లో నెలల బిడ్డ నీళ్ళ విరేచనాలతో రెండు రోజుల్లో పోయింది. ఆ బిడ్డను తీసింది ఆవిడే. మళ్ళీ వెళ్ళింది. నేను కాగితం పట్టుకుని ఇంటికెళ్ళాను.

"పెద్దమ్మా, ఇది రెండోది."

"చదువు."

చదివాను. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతూ వింది.

"అయిపోయిందా?"

"మూడోది వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు. పేరు తీసేస్తారు. నీకు అర్థమవుతోందా?"

"నాకు చదువు రాదు గానీ చెవులొచ్చు. ఆ పిల్ల ఎంత ఉందో చూశావా నువ్వు? నా మోచేతి దాకా లేదు. దాని తల్లి పద్దెనిమిదేళ్ళది, బిడ్డను ముట్టుకోవడానికి భయపడి మూల నిలబడింది. మరి ఎవరు చేస్తారే? నువ్వు చేస్తావా?"

"కాటికాపరి భార్య చేస్తుంది. ఆవిడ పనే అది."

"ఆ గ్రిమ్‌షా పెళ్ళామా? అది బంగాళాదుంపలు కడిగినట్టు కడుగుతుంది." చేతిలో ఉన్న దుంపను నీళ్ళలో పడేసింది. "సరే, సరే. ఇంక చెయ్యను. ఆ మొహం మాడ్చుకోకు. మీ అమ్మ ఎలా ఉంది?"

మా అమ్మ బాగాలేదు. గుండె నీరసించి కాళ్ళకు నీరు పట్టింది. కెజియా, మా అమ్మ సుసన్నా పదేళ్ళ వయసులో ఒకే మగ్గాల షెడ్డులో పనికి చేరారు. ఆ మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి పెదవులు చూసి మాట్లాడుకోవడం అక్కడే నేర్చుకున్నారు. ముసలివాళ్ళయ్యాక కూడా మా ముందు ఏదైనా రహస్యం మాట్లాడాలంటే శబ్దం లేకుండా పెదవులు ఆడించేవాళ్ళు. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండేది.

సెప్టెంబరు ఆఖరుకు అమ్మ మంచం దిగడం మానేసింది. అందరి ఇళ్ళల్లోలాగే మా ఇంట్లోనూ బీరువా అడుగు సొరుగులో ఆఖరి బట్టలు మడతపెట్టి ఉన్నాయి. తెల్ల గౌను, మేజోళ్ళు, రెండు దుప్పట్లు. ఒకరోజు ఆ సొరుగు తెరిపించి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది.

"నన్ను కెజియాకే అప్పగించు" అంది.

"అమ్మా, కుదరదు. రూలు ఉంది."

"నీ రూలు నాకెందుకే? నేనేమైనా కనబోతున్నానా?"

"నీకు కాదు. ఆవిడకు. ఇప్పటికే రెండుసార్లయింది. మూడోది నీదైతే ఆవిడ పని పోతుంది."

అమ్మ గోడవైపు తిరిగింది. "అయితే వద్దులే" అంది. అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదలు. మా నాన్న ఈనాక్ మెట్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని ఎప్పుడో తినేసింది. ఆయన, నేను తినేది నా ఉద్యోగం మీదే.

అక్టోబరు మొదటి శనివారం, మధ్యాహ్నం మిల్లు కూత వేసి జనం చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ ఇళ్ళకు వస్తున్న వేళ అమ్మ పోయింది. వీధిలో ఒక్కో కిటికీకి తెర దిగింది. పక్కింటి వాళ్ళు వచ్చి అద్దం మీద గుడ్డ కప్పి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, నా మొహం చూస్తూ నిలబడ్డారు. నీళ్ళు కాగుతున్నాయి. కాటికాపరి గ్రిమ్‌షా గుమ్మంలో టోపీ తీసి, "మా ఆవిణ్ణి పంపమంటారా, మిస్ క్లెగ్?" అన్నాడు. పంపమని అనాలి. అనడానికే నోరు తెరిచాను.

మా నాన్న తలెత్తి, "సుసన్నాను పరాయిది కడగాలా, హెస్టర్?" అన్నాడు. అంతే.

నేను శాలువా కప్పుకుని వీధి దాటి కెజియా ఇంటికెళ్ళాను. నా కాళ్ళు నన్ను తీసుకెళ్ళాయని ఎవరితోనైనా చెప్పొచ్చు. అబద్ధం. తెలిసే వెళ్ళాను. రెండు హెచ్చరికలు నా చేత్తో రాసిన దాన్ని, మూడోది నేనే తెచ్చిపెడుతున్నానని తెలిసే వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, రా. అమ్మకు నువ్వే చెయ్యాలి" అన్నాను. ఆవిడ వెంటనే నా వెంట వచ్చింది.

లోపల మేమిద్దరమే. ఆవిడ గోరువెచ్చని నీళ్ళతో మొదట మొహం తుడిచింది. "ఏం సుసీ, చలిగా ఉందా? ఒక్క నిమిషం" అంటూ మాట్లాడుతూనే ఉంది. ఎక్కడ తుడుస్తుంటే అక్కడ మాత్రం దుప్పటి తీసి, మిగతాదంతా కప్పి ఉంచింది. చనిపోయిన మనిషికి సిగ్గు ఉంటుందని నాకు ఏ ఆసుపత్రిలోనూ చెప్పలేదు. జుట్టు దువ్వి, మగ్గాల షెడ్డులో ఆడపిల్లలు వేసుకునేటట్టు రెండు జడలు వేసింది. మా అమ్మ అలా వేసుకోవడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. నేను కుర్చీలో కూలబడి గుక్కపెట్టి ఏడ్చాను.

పనయ్యాక కెజియా చేతులు క్రిములు చంపే కార్బాలిక్ నీళ్ళలో మోచేతుల దాకా ముంచి, నేను నేర్పినట్టే, నెమ్మదిగా లెక్కపెట్టుకుంటూ రుద్దుకుంది. "ఏడు రోజులు ఎవర్నీ ముట్టుకోను. ఎవరైనా వస్తే మిల్ లేన్ మంత్రసాని దగ్గరికి పంపుతాను. సరేనా?" అంది. అలాగే చేసింది. ఆ వారం ఇద్దరు నొప్పులొచ్చి కబురు పెడితే ఇద్దరినీ తిప్పి పంపింది. అందులో ఒకామె గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి నానా మాటలూ అంది. ఎందుకు రానంటోందో ఎలా చెబుతుంది? పడింది.

రూలు ప్రకారం ఆ సంగతి నేను పుస్తకంలో రాయాలి. రాయలేదు. వీధిలో ఎవరూ నోరు విప్పరు. ఎవరికీ తెలియకుండా గడిచిపోతుందనుకున్నాను.

మా నాన్న పేపరుకు రాశాడు.

మా ఊళ్ళో చావు జరిగితే, మరుసటి శుక్రవారం వారపత్రికలో కృతజ్ఞతలు వేయించడం ఆనవాయితీ. సాయం చేసినవాళ్ళ పేర్లు ఒక్కటి కూడా వదలకూడదు, వదిలితే జన్మంతా మాటలుండవు. ఆయన పాపం మూడు రోజులు పెన్సిలు నాకుతూ కూర్చుని రాశాడు. నాకు చూపించలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నాడట. "ఈనాక్ క్లెగ్, కుమార్తె హెస్టర్, తమ దుఃఖంలో తోడు నిలిచిన బాబిన్ వీధి వారందరికీ, హ్యామ్ కోసి ఇచ్చిన మిస్టర్ లోమాక్స్‌కు, ముఖ్యంగా సుసన్నాకు ఆఖరి స్నానం ఎంతో అందంగా చేయించిన మిసెస్ కెజియా ఆర్మరాడ్‌కు మనఃపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నారు." పేరు, ఇంటిపేరు, 'ముఖ్యంగా' అనే మాట కూడా. అచ్చులో.

శనివారం ఉదయం మా ఆరోగ్యాధికారి డాక్టర్ థ్రెల్ఫాల్ నన్ను గదిలోకి పిలిచాడు. బల్ల మీద పేపరు మడతపెట్టి ఉంది, వేలు దాని మీద ఉంది.

"మిస్ క్లెగ్, ఈ సమయంలో అడగాల్సి రావడం నాకూ కష్టంగానే ఉంది. ఇది చూశారా?"

చదివాను. అక్షరాలు కనబడటం మానేశాయి.

"మూడోసారి" అన్నాడు ఆయన. చెడ్డవాడు కాదు. జ్వరంతో పోయిన బాలింతలను నాకన్నా ఎక్కువమందిని చూసినవాడు. "కమిటీ ముందు పెట్టక తప్పదు. ఊరంతా చదివింది."

ఇంటికెళ్ళి నాన్నను ఏమీ అనలేకపోయాను. ఆయన ఆ పేపరు ముక్క కత్తిరించి అమ్మ ఫోటో పక్కన అంటించుకున్నాడు. "బాగా వచ్చింది కదూ?" అన్నాడు. బాగా వచ్చింది నాన్నా అన్నాను.

కెజియా దగ్గరికి వెళ్ళి చెప్పాను. "నేనే పిలిచానని చెప్పేస్తాను" అన్నాను.

"చెప్పి?"

"తప్పు నాదవుతుంది."

"నీదవుతుంది, నీ ఉద్యోగం పోతుంది, నా పేరూ పోతుంది. అప్పుడు మీ నాన్న ఏం తింటాడు, పేపరా?" అంది. "నోరు మూసుకుని రాసుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను నుయ్యీ దూకలేదు, గొయ్యీ దూకలేదు. నిలబడిపోయాను. అది కూడా ఒక రకం దూకడమే అని అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం కౌన్సిల్ గదిలో నలుగురు మగవాళ్ళు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు విటేకర్, మిల్లు యజమాని. నేను బల్ల చివర కలం పట్టుకుని కూర్చున్నాను. కెజియా చర్చికి కట్టుకునే నల్ల బట్టలు, నల్ల టోపీ పెట్టుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మిసెస్ ఆర్మరాడ్, శవాలను ముట్టుకోకూడదని మీకు రెండుసార్లు చెప్పారా లేదా?" అన్నాడు విటేకర్.

"చెప్పారండి. హెస్టర్... మిస్ క్లెగ్ చదివి వినిపించింది. బాగా చదువుతుంది."

"మరి మూడోసారి ఎందుకు చేశారు?"

"సుసన్నా చచ్చిపోయింది కదండీ."

ఒకాయనకు నవ్వొచ్చింది, దగ్గి కప్పుకున్నాడు. విటేకర్ మాత్రం కాగితం చూసుకుంటూ, "ఆ ఇల్లు మన తనిఖీ అధికారి ఇల్లే. కాబట్టి నేను ఇది అడిగి తీరాలి. మిమ్మల్ని అక్కడికి ఎవరు పిలిచారు?" అన్నాడు.

నా కలం ఆగిపోయింది. కెజియా నావైపు చూడనైనా లేదు.

"ఎవరూ పిలవలేదండి. నా అంతట నేనే వెళ్ళాను."

"పిలవకుండానే వెళ్ళారా?"

"పిలవకుండానే. చావింటికి పిలుపేమిటండీ?"

విటేకర్ నావైపు తిరిగాడు. "మిస్ క్లెగ్, మీరు ఇంట్లోనే ఉన్నారు. ఇది నిజమేనా?"

అక్కడ ఒక క్షణం ఉంది. చాలా పెద్ద క్షణం. అందులో మా నాన్న దగ్గు ఉంది, అద్దె ఇల్లు ఉంది, ఆ నీలం కోటు కోసం నేను పడ్డ పాట్లున్నాయి. అన్నీ నిజమైన కారణాలే.

"నిజమేనండి" అన్నాను.

అని, వంచిన తల ఎత్తకుండా ఆ మాటే రాసుకున్నాను. మంత్రసానుల రిజిస్టరు ఉంచే లండన్ బోర్డుకు ఉత్తరం వెళ్ళింది. క్రిస్మస్ ముందు జవాబొచ్చింది. పేరు తీసేశారు.

అరవై మూడేళ్ళ వయసులో కెజియా విటేకర్ మిల్లులో మెట్లు కడిగే పనికి కుదిరింది. సోడా వేసిన వేడినీళ్ళు, గట్టి బ్రష్షు, మోకాళ్ళ కింద ఒక గోనెపట్టా. నాలుగు అంతస్తులు. వారానికే ఆవిడ చేతులు పగిలి నెత్తురు కారడం మొదలైంది. వీధిలో ఆడవాళ్ళు నన్ను పలకరించడం మానేశారు. ఒకావిడ నా ఎదురుగా, "కన్నతల్లి శవాన్ని అడ్డం పెట్టుకుని కొంప ముంచింది మహాతల్లి" అంది. తలుపులన్నీ మళ్ళీ మూసుకున్నాయి. జనవరిలో ఒక ఇంట్లో పసిదానికి జబ్బు చేస్తే నన్ను గడప దాటనివ్వలేదు. కెజియా మిల్లు నుంచి తడి లంగాతోనే వచ్చి, "దాన్ని లోపలికి రానివ్వండే! దానిమీద కోపం పిల్లమీద చూపిస్తారేమిటి?" అని గుమ్మంలో నిలబడి కేకలేసింది. రానిచ్చారు. పిల్ల బతికింది. అది ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి.

ఆ రోజు తర్వాత నాకు తిండి దిగలేదు. ఎన్నాళ్ళని దిగమింగుతాం? ఫిబ్రవరి కమిటీలో అన్ని విషయాలూ అయిపోయాక లేచి నిలబడ్డాను. కెజియా ఆర్మరాడ్‌ను నేనే ఇంటికెళ్ళి పిలిచానని, కమిటీ ముందు అబద్ధం చెప్పానని, నన్ను తీసేసి ఆవిడ పేరు మళ్ళీ చేర్చమని చెప్పాను. మొత్తం చెప్పాను.

విటేకర్ గడియారం చూసుకున్నాడు. "ఆ విషయం ముగిసిపోయింది, మిస్ క్లెగ్. పిలిచినా పిలవకపోయినా, చేసింది ఆవిడేగా."

"నేను అబద్ధం చెప్పానండి."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డాక్టర్ థ్రెల్ఫాల్ లేచి నా కుర్చీ వెనక్కి వచ్చి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా అన్నాడు. "తల్లి పోయిన దుఃఖం. పైగా ఆ ముసలావిడంటే మీకు ప్రేమ. తప్పు మీ మీద వేసుకోవాలనిపించడం సహజమేనమ్మా. ఒక వారం సెలవు తీసుకోండి."

నమ్మలేదు. నిజం చెబితే ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. నన్ను తీసెయ్యలేదు సరికదా, సెలవిచ్చారు.

అటు నుంచి అటే కెజియా ఇంటికి వెళ్ళాను. పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకు గొర్రె కొవ్వు రాసుకుంటోంది. జరిగినదంతా చెప్పాను. శాంతిస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, మంచిదానివే అంటుందని ఆశపడ్డాను.

ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఎవరడిగారే నిన్ను?"

"పెద్దమ్మా, నా మూలాన నువ్వు..."

"నీ మూలానా? నువ్వు పిలిస్తే వచ్చాననుకుంటున్నావా?" లేచి నిలబడింది. "నువ్వు నా గుమ్మంలోకి వచ్చేసరికి నా కాళ్ళకు చెప్పులున్నాయి. ఆప్రాన్ కట్టుకునే ఉన్నాను. చూశావా? చూడలేదు. నీ ఏడుపు నీది. సుసీకీ నాకూ పన్నెండేళ్ళప్పుడు మాట. ఎవరు ముందు పోతే రెండోది వచ్చి రెండు జడలు వెయ్యాలని. మగ్గాల మధ్య నిలబడి అనుకున్నాం. నువ్వు తలుపుకడ్డంగా పడుకున్నా దాటుకుని వచ్చేదాన్ని. పేరు పోతుందని తెలుసు. తెలిసే చెప్పులు తొడుక్కున్నాను."

నేను ఏదో అనబోయాను. అననివ్వలేదు.

"డాక్టరు చెబితే చేశాను, చట్టం చెబితే చేశాను, నువ్వు చెబితే కూడా చేశాను. నా బతుకులో నాకు నేనుగా చేసిన పని అదొక్కటి. నా పేరు ఖరీదుగా ఇచ్చి కొనుక్కున్నాను దాన్ని. ఇప్పుడొచ్చి అది కూడా నువ్వే చేయించావంటావా? సిగ్గులేదూ?"

చేతికందిన గుడ్డతో కొవ్వు తుడుచుకుని, కోపంతోనే కెటిల్ పొయ్యి మీద పెట్టింది. నేను కూర్చుండిపోయాను. నాలుగు నెలలు మా ఇద్దరి అబద్ధాన్ని ఒంటరిగా మోస్తున్నాననుకున్నాను. తన అంతట తానే వెళ్ళానని ఆ నలుగురు పెద్దమనుషుల ముందు ఆవిడ చెప్పింది నిజమే. ఆ గదిలో అబద్ధమాడింది నేనొక్కదాన్నే.

ఆవిడ నా ముందు టీ పెట్టి, చల్లారిపోతుంది తాగమంది.